బంగారు తీగె తస్తరీలు

అక్షరాల్లో తప్పులుంటే చదివేవారు మన్నించాలి. యాభై నాలుగో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఈ భాగం ఆలస్యమైందని పత్రికవారు రెండు కార్డులు రాశారు. వారి తప్పేమీ లేదు. ఒక వాక్యం రాసి, పైకి చదువుకొని, కొట్టేసి మళ్లీ రాసేసరికి నాకు పొద్దు గూకుతుంది.

పోయినవారం నన్ను నేను నల్లగొండలో సాయిలు దుకాణం మెట్ల మీద వదిలిపెట్టాను. అప్పటికి 1961. నకిరేకల్ రోడ్డు బంగళాకు నా పెనిమిటి లింగస్వామి కావలివాడు, వంటవాడు కూడా. ఆయన జ్వరంతో పోయి ఏడు నెలలైంది. ఆ కొలువు, దానితోపాటు నేను, నా చిన్న బిడ్డ ఉంటున్న బంగళా వెనుక గది, నాకు దక్కుతాయా, నా మరిది ఐలేశానికి పోతాయా అన్నది ఓవర్సీరు రామచంద్రం చేతిలో ఉంది. శనివారం పెద్ద ఇంజనీరు, ఆయన భార్య బంగళాలో భోజనానికి దిగుతున్నారు. ఆ పూట ఎవరి పని బాగుంటే కొలువు వారిదేనన్నాడు రామచంద్రం. వంట నాకు, వడ్డన ఐలేశానికి పంచాడు. కిందటిసారి ఇంజనీరు భార్య ‘కూర తిన్న పళ్లెంలోనే తీపి పెడతారా’ అని పోయిందట. అందుకని మిఠాయికి వేరుగా ఆరు తస్తరీలు, చిన్న పింగాణీ పళ్లేలు, కంటికి ఇంపుగా ఉన్నవి, ఏరుకొని రమ్మని నన్ను పంపాడు.

తోడుగా జానమ్మక్క వచ్చింది. ఆమె జడ్చర్లలో దొరల మిషను బంగళాలో పన్నెండేళ్లు బల్లలు సర్దిన మనిషి. ఇప్పుడు మా బంగళాలో ఊడ్చి తుడుస్తుంది.

సాయిలు దుకాణం నిండా హర్రాజులో కొన్న పాత సామాను. కాళ్లు లేని కుర్చీలు, ఆగిపోయిన గడియారాలు, చిమ్నీ లేని దీపాలు. సాయిలు మా కురుమల్లోనివాడే, మా అమ్మగారి ఊరివాడు. మూడు రకాల తస్తరీలు తెచ్చి గోనె మీద పరిచాడు. ఒకటి ఉత్త తెల్లవి. ఒకటి నీలిరంగు పడవ బొమ్మవి. మూడోవి అంచు చుట్టూ బంగారు తీగె పాకినవి. ఆకుల నడుమ ఆ తీగె వంకులు తిరుగుతూ, చుక్కలు చుక్కలుగా మొగ్గలు తొడిగి ఉంది.

ఏరడం అంటే ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. బయలుదేరే ముందు అందరూ తలా ఒక మాట చెప్పి పంపారు. మరీ మామూలుగా ఉండొద్దు, మరీ మెరవొద్దు అన్నాడు రామచంద్రం. గులాబీలుంటేనే తెమ్మని ఆయన ఇంటావిడ కబురు పెట్టింది. పాకం కారకుండా లోతుండాలన్నాడు ఐలేశం. పుట్టినప్పటి నుంచి ఒకే తలెలో గట్క, కూర, చల్ల అన్నీ తిన్నదాన్ని నేను. తీపి వచ్చినప్పుడు మనిషి పళ్లెం ఎందుకు మార్చాలో నాకు ఎవరూ చెప్పలేదు.

"అన్నా, తీపి తినే తస్తరి ఎట్లుండాలె?" అని సాయిలునే అడిగాను.

"తీపి తినెటోళ్ల లెక్కనే ఉంటది చెల్లె. గుండ్రంగ," అన్నాడు.

జానమ్మక్క తెల్లవి నా ముందుకు జరిపింది. "ఇవి తీస్కో బిక్షమ్మా. తెల్లదాంట్ల తప్పు దొరకది. మా మిషను బంగళల పన్నెండేండ్లు తెల్లవే పెట్టిన. ఒక్క దొర మూతి ముడువలే."

"ఉత్తగ ఉన్నయక్కా."

"ఉత్తగుంటేనే మిఠాయి కనవడ్తది. నీకు మిఠాయి చూపెట్టాల్నా, తస్తరి చూపెట్టాల్నా?"

ఆమె చెప్పింది సరైన మాటే. కాని ఏడు నెలలుగా నా చేతికి గాజు లేదు, నుదుట బొట్టు లేదు, తలలో పువ్వు లేదు. అవన్నీ తీసేటప్పుడు ఏది ఉంచుకుంటావని నన్ను ఎవరూ అడగలేదు. లింగస్వామిని చేసుకుంటావా అని కూడా అడగలేదు. ఆయన మంచివాడు కావడం నా అదృష్టం. ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరు నా ముందు మూడు రకాలు పరిచి ఏది కావాలని అడిగారు. నా చేయి తెల్లవాటి మీదికి పోలేదు.

"తీగెవి ఇయ్యి అన్నా," అన్నాను.

జానమ్మక్క ఒక తస్తరిని వెలుతురుకు పట్టి చూసింది. ఆమెకు తెలుగు వచ్చు, బైబిలు చదువుతుంది. "ఏందో వంకర టింకరగున్నది. తీగెనేనా గిది?" అంది.

"తీగె గాకుంటే పాము అనుకుంటివా?" అన్నాడు సాయిలు. ఆమె నవ్వి దుకాణం బయటికి పోయింది.

ఆమె పోయిన తర్వాత సాయిలు గొంతు తగ్గించాడు. "చెల్లె, ఇవి హర్రాజువి గావు. ఏటవతలి గడిల చిన్నదొర ఉన్నడు గద, ఆయన చాటుకు పిలిచి అమ్మిండు. ఇంట్ల సామాను అమ్ముకుంటున్నడని బయటికి పొక్కితే నన్ను ఈ బజార్ల నిలువనియ్యడు. ఎవలడిగినా ఆయన పేరు చెప్పనని ఒట్టు పెట్టు."

"నేనెందుకు చెప్తన్నా."

"గట్ల గాదు." గూట్లో బీరప్ప ముందున్న బండారి చిటికెడు తీసి నా అరచేతిలో పోశాడు. దేవుని పసుపు అది. దాన్ని పట్టుకొని అన్న మాట మా కురుమలు తప్పరు. తప్పితే ఇంట్లో దీపం ఉండదంటారు. నేను బీరప్ప మీద ఒట్టు పెట్టి, ఆ బండారిని పారబోయలేక కొంగుకు ముడి వేసుకున్నాను.

బస్సులో తస్తరీల గంప ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. జానమ్మక్క దారి పొడుగునా ఇంజనీరు భార్య సంగతి చెప్పింది. ఆమె మన జిల్లా ఆడబిడ్డేనట. ఏ ఊరో ఎవరికీ తెలియదట. పుట్టింటి మాట ఎత్తితే లేచి పోతుందట.

బంగళాకు చేరగానే అందరూ గంప చుట్టూ చేరారు. రామచంద్రం ఒక తస్తరి తీసి అటూ ఇటూ తిప్పాడు. ఆయన నిజాం పోయినాక హైదరాబాదులో చదివినవాడు, తెలుగు, ఇంగ్లీషే తప్ప ఉర్దూ చదవడం రాదు. "భేష్. నేను అనుకున్న లెక్కనే ఉన్నయి," అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఐలేశం ముందుకు వచ్చాడు.

"గసొంటివే తెమ్మని నేనే చెప్పి పంపిన సార్. తీగె ఉన్నవి, లోతున్నవి. ఆమెకేం తెలుస్తది పాపం."

"నీకు మంచి సామాను ఏరే నదరున్నదయ్య," అన్నాడు రామచంద్రం.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇద్దరూ నన్ను గంప మోసిన మనిషిని చూసినట్టు చూశారు. అవి ఏరింది నేను సార్ అన్నాను. "సరే సరే, పో, పొయ్యి సంగతి చూడు," అన్నాడు రామచంద్రం. ఆ వారమంతా వచ్చినవారికి, పోయినవారికి తస్తరీలు చూపించారు. చూపిన ప్రతిసారీ ఐలేశం నదరే పెరిగింది. నేను ఇంకో రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ నా మాట మధ్యలోనే ఎవరో నీళ్లు అడిగారు.

"తెల్లవి తెచ్చుంటే వాడు గూడ నావే అనకపోవు," అంది జానమ్మక్క. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

శనివారం వచ్చింది. తెల్లవారకముందే లేచి కోడి కూర, పప్పు, బగారన్నం చేశాను. డబల్ కా మీఠాకు రొట్టె ముక్కలు నేతిలో వేయించి పాకంలో వేశాను. మీగడ కోసం రోడ్డు అవతల చాయ్ హోటలు గుర్వయ్య తాతకు చెప్పి ఉంచాను. కార్లు వచ్చి ఆగాయి. బల్ల దగ్గర ఐదుగురు కూర్చున్నారు. ఇంజనీరు, ఆయన భార్య, రామచంద్రం, వెంట వచ్చిన ఇద్దరు అధికారులు. ఐలేశం ముందే ఐదు తస్తరీలు పక్కబల్ల మీద వరుసగా పెట్టుకున్నాడు. ఆరోది వంటింట్లో నా దగ్గర మిగిలింది.

లోపల కూరలు నడుస్తుండగా గుర్వయ్య తాత మీగడ గిన్నెతో వెనుక వాకిట్లోంచి వచ్చాడు. పాత నిజాం సర్కారులో ఠాణా మున్షీ దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. మీగడ తియ్యడానికి ఆ ఆరో తస్తరినే చేతిలోకి తీసుకున్నాడు. తీసుకొని, పొయ్యి వెలుతురుకు వంచి, పెదవులు కదిలించాడు.

"గివి యాడియి బిడ్డా?"

"నల్లగొండవి తాతా. మంచిగున్నయా తీగెలు?"

"తీగె గాదు బిడ్డా, రాత. ఉర్దూ." తస్తరిని గుండ్రంగా తిప్పుతూ చదివాడు. "రుక్మాబాయి దొరసాని స్వర్గస్తురాలైంది, ఆమె యాదిల అని ఉన్నది. కింద తారీకు. దినాల నాడు వచ్చినోళ్లకు పంచినయి గివి."

తస్తరిని తాత చేతిలోంచి తీసుకొని చూశాను. ఠాణా బోర్డు మీద ఉర్దూ చూసినదాన్నే. కాని ఆ అక్షరాలు నల్లగా, బిగువుగా నిలబడి ఉంటాయి. ఇవి ఆకుల్లో అల్లుకొని పసిడి రంగులో పోతున్నాయి. మా దగ్గర పెద్ద ఇళ్లలో ఎవరైనా పోతే, దినాల నాడు వారి పేరు కొట్టించి గిన్నెలు, గ్లాసులు పంచుతారు. తీసుకున్నవారు ఇంట్లో వాడుకోవచ్చు, తప్పు లేదు. కాని పిలిచిన చుట్టానికి, అదీ ముత్తయిదువకు, మొదటిసారి తీపి పెట్టేటప్పుడు చచ్చినవాళ్ల పేరున్నది ఎవరూ ముందు పెట్టరు. చేతిలో బువ్వ లేనివారు కూడా పెట్టరు.

"వేరేవి లేవా?" అన్నాడు తాత.

"లేవు."

"అయితే ఊకుండు. ఇయ్యాల రేపు ఉర్దూ చదివెటోళ్లు ఎందరు? సదివినా నీ మెడకేం రాదు. నేను తెచ్చిన, నేను తెచ్చిన అని వాడే చెప్పుకున్నడట గద. నా హోటల్ల గూడ చెప్పిండు. పడనీ."

ఆ మాట విన్నప్పుడు నా మనసు ఒక్క గడియ చల్లబడింది. అబద్ధం ఎందుకు రాయాలి. వాడు పడితే కొలువు నాదే. గది నాదే. గంజిలో లంగా తడుపుకుంటూ ఆ గదిలోనే నా బిడ్డ ఆడుకుంటోంది.

తర్వాత ఆ ముత్తయిదువ గుర్తుకు వచ్చింది. నా తీపి, నా చేతి తీపి, ఆమె నోట్లోకి పోబోయేది ఆ పేరు మీది నుంచి.

ఐలేశం మిఠాయి కోసం వంటింట్లోకి వచ్చాడు. తల మీద కొత్త పాగా. మిఠాయి ఉన్న డెకిసాకు అడ్డం నిలబడ్డాను.

"ఐలేశం, ఆ తస్తరీలు తియ్యి. అవి దినాలవి. గుర్వయ్య తాత చదివిండు."

వాడు నా వైపు చూసి, తాత వైపు చూసి నవ్వాడు. "ఎన్నడు గట్టుకున్నరు ఇద్దరు గీ కత?"

"కత గాదు. బీరప్ప తోడు. స్టీలు గ్లాసులల్ల పెట్టి పంపుదం. తలెలల్ల పెట్టుదం. ఏదో ఒకటి చేద్దం."

"వారం రోజుల సంది చూస్తున్న వదినె. నాకు పేరొచ్చిందని నీకు కడుపుల మండుతాంది. ఇప్పుడు ఆఖరి గడియల నా చేతుల తస్తరి గుంజుతవా? సార్ నన్నడిగిండు, ఆమెకు కొలువిస్తే బంగళ నడుస్తదా అని. నడువదని చెప్పిన. ఎందుకు చెప్పిన్నో ఇప్పుడు నీకే తెలుస్తాంది."

"అరే, అన్న లేని ఇంట్ల నిన్ను బదనాం చేస్తనారా నేను?"

"అన్న ఉంటే నువ్వు గిట్ల నోరు లేపకపోదువు. జరుగు."

"ఐలేశం, ఈమె అబద్ధం ఆడ్తలేదు," అన్నాడు గుర్వయ్య తాత.

"నువ్వు చాయ్ కాసుకో పో తాతా." భుజంతో నన్ను పక్కకు నెట్టి డెకిసా ఎత్తుకొని పోయాడు. నేను వెనుకే వాకిలి వరకు పోయాను. అక్కడ రామచంద్రం కుర్చీలోంచే వెనక్కి తిరిగి, చూపుడు వేలితో నన్ను ఆగమన్నాడు. ఆగాను. తెర వెనుక నిలబడి చూస్తున్నాను. ఒక వారంలో ఆ తస్తరీల మాట ఎన్ని తీర్లుగా చెప్పానో లెక్క లేదు. ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

ఐలేశం ఒక్కొక్కరి ముందు తస్తరి పెట్టాడు. మగవాళ్లు చెంచాలు తీసుకున్నారు. ఇంజనీరు భార్య, నలభై ఏళ్ల సన్నటి మనిషి, ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. తర్వాత చెంచా పక్కన పెట్టింది. పాకం అంచుకు తగలకుండా తస్తరిని దగ్గరికి లాక్కుంది. చూపుడు వేలు అంచు మీద పెట్టి మెల్లగా జరిపింది. ఆ వేలు కుడి నుంచి ఎడమకు పోతోంది. నాకు చదువు రాకున్నా, ఆమె చదువుతోందని తెలిసిపోయింది.

రామచంద్రం అది చూసి సంబరపడ్డాడు. "తస్తరీలు నచ్చినయా అమ్మా? మా ఐలేశం ఏరి తెప్పించిండు."

ఆమె తలెత్తింది. "ఏరేముందు చదివినవా?"

ఐలేశం చేతిలో గరిటె ఆగింది. చదివేందుకు అక్కడ ఏదో ఉందని అప్పుడు వాడికి అర్థమైంది. వాడు తెర వైపు, నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఏడు నెలల కింద వాళ్లన్న ఊపిరి ఆగినప్పుడు మంచం అవతల నిలబడి నా వైపు అట్లాగే చూశాడు, ఇప్పుడు ఏం చేద్దాం వదినె అన్నట్టు.

నేను ఊరుకుంటే సరిపోయేది. వారం నుంచి వాడు నా నోటి నుంచి గుంజుకున్న మాటను వాడి దగ్గరే వదిలేస్తే చాలు. కాని అట్లా వదలడానికి నాకు మనసు రాలేదు. వాడి మీద జాలి అని రాసుకుంటే నాకు మంచి పేరు వస్తుంది. అది జాలి కాదు. అవి నేను ఏరినవి. మెచ్చుకున్నప్పుడు నావని కొట్లాడినవి, తప్పైనప్పుడు మాత్రం వాడివి ఎట్లా అవుతాయి.

తెర తీసి లోపలికి పోయాను.

"కాదమ్మా. అవి ఏరింది నేను."

"నిన్నెవరు రమ్మన్నరు లోపలికి?" అన్నాడు రామచంద్రం.

"నాకు సదువు రాదమ్మా," అన్నాను ఆమెతోనే. "తీగె అనుకున్న. ఇప్పుడే, మీరు బువ్వ తింటుంటే తెలిసింది. తియ్యమని చెప్పిన. ఎవలు వినలే."

"తెల్లవి దొరకలేదా?" ఆమె గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

"దొరికినయి. అవే తీస్కొమ్మన్నరు. నాకే ఇవి కావాలనిపించింది. నా జిందగీల నేను ఏరుకున్నవి ఇవ్వొక్కటే."

ఇంజనీరు తన తస్తరిని తిప్పి చూసుకుంటున్నాడు. ఆయన ఆంధ్ర వైపు మనిషి, ఆయనకూ అది తీగెలాగే కనిపించింది. "ఏమి రాసుందసలు?" అని భార్యను అడిగాడు. రామచంద్రం లేచి నిలబడ్డాడు. తప్పు ఏమిటో తెలియకుండానే శిక్ష వేశాడు. "మాపటి వరకు గది ఖాళీ చెయ్యి బిక్షమ్మ. కొలువు లేదు, ఏం లేదు. నడువు."

"కూసోండి," అంది ఆమె. అది రామచంద్రానికి అన్న మాట అని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన కూర్చున్నాడు.

ఆమె తస్తరిలోని మిఠాయిని చెంచాతో జాగ్రత్తగా, కూర తిన్న తన పళ్లెంలోకి తీసింది. కొంగుతో అంచు తుడిచింది.

"ఇది మా అమ్మ పేరు," అంది భర్తతో. "పోయిందని ఎవరో అంటే విన్న. ఏ తారీకో ఇప్పుడు చదివిన. దినాలకు నన్ను పిలువలే."

ఐలేశం డెకిసా కింద పెట్టడం కూడా మరిచి, వేడికి చేతులు మార్చుకుంటున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "నీ గది ఎక్కడికీ పోదు. కొలువు సంగతి నేను సార్‌కు చెప్త. ఒక్కటి చెప్పు నాకు. మా అమ్మ వస్తువులు ఇంట్ల నుంచి తీసి అంగట్ల పెట్టింది ఎవరు? పేరు చెప్పు చాలు."

"చెప్పు బిక్షమ్మా, చెప్పు," అన్నాడు రామచంద్రం. ఇప్పుడు ఆయన గొంతు మెత్తగా ఉంది. ఏడు నెలల్లో మొదటిసారి ఆ బంగళాలో అందరూ నా మాట కోసం నోళ్లు మూసుకొని చూస్తున్నారు.

నా చేయి దానంతట అదే కొంగు ముడి మీదికి పోయింది. నల్లగొండలో సాయిలు ముందు, ఆ పేరు చెప్పనని ఒట్టు పెట్టి వేసిన ముడి. అందులో బండారి చిటికెడు, పొడిగా, అట్లాగే ఉంది.

— కడారి బిక్షమ్మ, అరవై ఏళ్లు. ప్రస్తుతం ఉంటున్నది జడ్చర్ల, పాత బజారు.